గిల్బర్ట్-సల్లివన్ ఆపరెట్టాల్ని షూట్ చేయడం: అపోహలు - వాస్తవాలు

నేనుండేది ఇంగ్లండ్‌లో, చేసే పని స్టేజ్ షోలు షూట్ చేయడం, ఎడిట్ చేయడం. ఇక్కడ చాలా ఊళ్ళలో గిల్బర్ట్-సల్లివన్ వేసే అమెచ్యూర్ గ్రూపులున్నాయి. గిల్బర్ట్ మాటలు, సల్లివన్ సంగీతం, 1871 నుంచి 1896 దాకా కలిసి 14 ఆపరెట్టాలు (సరదా సంగీత నాటకాలు) రాశారు, విక్టోరియా రాణి కాలపు కామెడీ అన్నమాట. మధ్యలో వచనం, మళ్ళీ పాట, కాబట్టి మన సంగీత నాటకాలు చూసినవాళ్ళకి పెద్ద కొత్తేం కాదు. మాది తెనాలి వైపు, ఇంటికి ఫోన్ చేస్తే మా బాబాయి "వెనకాల ఓ కెమెరా పెట్టి వదిలేస్తే సరిపోద్ది గదరా, దానికి డబ్బులిస్తారా" అంటాడు. ఇక్కడివాళ్ళూ ఇంచుమించు అదే అంటారు లెండి.

అపోహ: ఒక కెమెరా చాలు. దీనికి తమ్ముడు ఇంకోటుంది: క్లోజప్‌లు ఎంత ఎక్కువుంటే అంత సినిమాలా ఉంటుంది.

వాస్తవం: రెండూ తప్పే, నేను రెండోదానిలో పడ్డాను. వీళ్ళ పైరేట్స్ ఆఫ్ పెంజాన్స్ అనే ఆపరెట్టా రెండో అంకంలో పోలీసులు సముద్రపు దొంగల మీదకి వెళ్ళాలి, భయం, "వెళ్తున్నాం వెళ్తున్నాం" అని పాడుతూనే ఉంటారు కానీ ఒక్కడూ అడుగు తీసి అడుగు వేయడు, పక్కనుంచి మేజర్ జనరల్ "మరి కదలరేం" అని గింజుకుంటుంటాడు. మొదటిసారి నేను ఒక్కో పోలీసు మొహానికి క్లోజప్ వేసుకుంటూ పోయాను, ఎడిట్‌లో చూస్తే జోకు చచ్చిపోయింది, ఎందుకంటే నవ్వంతా కాళ్ళు కదలకపోవడంలో ఉంది, నేనేమో కాళ్ళే చూపించలేదు. ఇప్పుడు ఆ పాట మొత్తం వైడ్ షాట్‌లోనే ఉంచుతాను. అదే మేజర్ జనరల్ గుక్కతిప్పుకోకుండా పాడే పాటుంది చూశారా, దానికి మాత్రం పెదాలు కనపడాలి, దూరంగా పెడితే సగం మాటలు గాల్లో కలిసిపోతాయి. మామూలుగా నాలుగు కెమెరాలు, అందులో ఒకటి కదలకుండా స్టేజ్ మొత్తం పట్టుకుని ఉంటుంది, ఏది పాడైనా అదే దిక్కు.

అపోహ: జనం నవ్వులు, చప్పట్లు తీసేస్తే నీట్‌గా ఉంటుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ గొడవ పడేది దీని గురించే. నటుడు నవ్వు కోసం ఆగుతాడు, ఎంతసేపు ఆగాలో హాలు చెబుతుంది, నవ్వు తీసేసి ఆ ఆగడం ఉంచేస్తే వాడు డైలాగు మర్చిపోయినట్టు కనపడుతుంది. గిల్బర్ట్-సల్లివన్‌లవి వేస్తూ వచ్చిన డాయిలీ కార్ట్ అనే నాటక కంపెనీ వాళ్ళ మికాడో అనే ఆపరెట్టాని 1966లో సినిమాగా తీశారు, జనం లేకుండా. పాడినవాళ్ళు ఆ పాత్రల్లో పండిపోయినవాళ్ళు, గొంతుల గురించి చెప్పేదేముంది, కానీ కామెడీ చోట్లలో నాకెప్పుడూ ఖాళీ హాల్లో కూర్చున్నట్టే ఉంటుంది. కోపం తెచ్చుకునే అభిమానులుంటారు, ఉండనివ్వండి.

ఇంకో సంగతి, వన్స్‌మోర్. మన పద్య నాటకంలో రాగం లాగితే ఈలేసి మళ్ళీ పాడిస్తారు కదా, వీళ్ళకీ ఆ అలవాటుంది, కాకపోతే రెండోసారి స్పీడు పెంచుతారు. ఒక షోలో నాకు చెప్పకుండానే కండక్టర్ మూడోసారి కూడా ఎత్తుకున్నాడు, అప్పటికి పాటైపోయిందనుకుని నా కెమెరామన్ చప్పట్లు కొట్టే జనం వైపు తిప్పేశాడు, మొదటి నాలుగు లైన్లకి మా దగ్గరున్నది ఓ పెద్దాయన చాక్లెట్ కాగితం విప్పుతున్న షాట్. సౌండ్‌తో సహా.

అపోహ: శుక్రవారం పాట, శనివారం డైలాగు, ఏది బాగుంటే అది అతికించేయొచ్చు.

డైలాగు అతికించొచ్చు, ఆ రోజు మీసం ఈ రోజు మీసం ఒకే చోట అంటించి ఉంటే. పాట మధ్యలో మాత్రం కష్టం. స్టేజ్ ముందు పిట్‌లో (గుంటలో) లైవ్ ఆర్కెస్ట్రా, రెండు రాత్రుల్లో పాట వేగం ఒకేలా ఉండదు, అందుకని నేను పాట మొత్తం ఒకే రాత్రిది తీసుకుంటాను.

అపోహ: 140 ఏళ్ళ నాటిది, కాపీరైట్ గొడవే లేదు.

వాస్తవం: మూలానికి లేదు, నిజమే. సల్లివన్ 1900లో పోయాడు, గిల్బర్ట్ 1911లో, అప్పటి లెక్క ప్రకారం 50 ఏళ్ళు దాటి 1961 ఆఖరుకి బ్రిటన్‌లో మాటల హక్కులు కూడా అయిపోయాయి, డాయిలీ కార్ట్ గుత్తాధిపత్యం అక్కడితో సరి. కానీ మీరు అద్దెకి తెచ్చుకున్న కొత్త ఎడిషన్ మ్యూజిక్ నోట్స్‌కి, కొత్తగా చేయించిన ఆర్కెస్ట్రేషన్‌కి, మికాడోలో 'లిస్టు' పాటకి ఈ కాలం రాజకీయ నాయకుల్ని పెట్టి మళ్ళీ రాసిన లైన్లకి హక్కులుంటాయి. స్టేజ్ మీద వేసుకోవడానికి ఒప్పుకుంటే వీడియో తీయడానికి ఒప్పుకున్నట్టు కాదు, విడిగా అడగాలి. నటుల సంతకాలు కూడా.

అసలు ఈ హక్కుల భయం గిల్బర్ట్-సల్లివన్‌లకే ఉండేది. అంతకుముందు రాసిన పినాఫోర్ అనే ఆపరెట్టాని అమెరికాలో ఎవడికి వాడు వేసేసుకున్నాడు, పైసా రాలేదు, అందుకే పైరేట్స్‌ని 1879 డిసెంబర్ 31న న్యూయార్క్‌లోనే మొదలుపెట్టారు. బ్రిటన్ హక్కు పోకుండా దానికి ముందు రోజు ఇంగ్లండ్‌లో పెయిన్టన్ అనే ఊళ్ళో గబగబా ఓ షో లాగించేశారు, పినాఫోర్ ట్రూప్ వాళ్ళే, పినాఫోర్ బట్టల్లోనే, తలకి రుమాలు కట్టుకుంటే దొంగలు! దాన్ని ఎవరైనా షూట్ చేసుంటే నేను డబ్బులిచ్చి చూసేవాణ్ణి.

అపోహ: 1983 పైరేట్స్ సినిమా ఆడలేదు, కాబట్టి ఆపరెట్టా స్క్రీన్‌కి పనికిరాదు.

అదే ప్రొడక్షన్ న్యూయార్క్ బ్రాడ్‌వేలో స్టేజ్ మీద బాగా ఆడింది. సినిమాని థియేటర్లలో వదిలిన రోజే పే టీవీలో కూడా వేశారు, ఒళ్ళుమండి చాలా థియేటర్ల వాళ్ళు తీసుకోలేదు. హాళ్ళే దొరక్కపోతే ఆడేదెక్కడ?

అపోహ: మాటలు అర్థం కాకపోతే సబ్‌టైటిల్ వేసేస్తే పోలా.

వాస్తవం: వేయాలి, నేనూ వేస్తాను, కానీ మామూలుగా సబ్‌టైటిల్‌కి పెట్టుకునే లెక్క నిమిషానికి 160-180 పదాలు, మేజర్ జనరల్ ఆ లెక్కని ఎప్పుడో దాటేస్తాడు. రెండు లైన్లు ఒకేసారి పెడితే పాడేవాడి కంటే ముందు చూసేవాడు ప్రాస చదివేస్తాడు, పాత్ర నోరు తెరిచేలోపే నవ్వేసి ఉంటాడు. అందుకే ప్రాస పదం ఉన్న లైన్ విడగొట్టి, ఆ మాట నటుడి నోట్లోంచి వచ్చే ఫ్రేమ్ దగ్గరే తెర మీద పడేలా పెడతాను. మూడు నిమిషాల పాటకి ఒక పూట పడుతుంది. బిల్లులో ఆ లైన్ దగ్గరే బేరాలాడతారు.