యుద్ధం అనగానే బియ్యం మూట: చిత్తూరు పెద్దల భయానికి 1942లోనే మూలం

యుద్ధం వార్త వచ్చినప్పుడల్లా తిరుపతి ఇళ్ళలో ఒకటే గొడవ. 2025 మేలో కేంద్రం 244 జిల్లాల్లో మాక్ డ్రిల్ అని ప్రకటించగానే టీవీలన్నీ సైరన్ల గురించే చెప్పాయి. ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రం అంగడికి మనిషిని పంపి బియ్యం, కందిపప్పు, నూనె తెప్పించి పెట్టుకున్నారు. "సరిహద్దు ఎక్కడ, మనం ఎక్కడ? మీలాంటి వాళ్ళ వల్లే రేట్లు పెరిగేది" అని పిల్లలు విసుక్కున్నారు. నిల్వలకు కొరత లేదని, పుకార్లు నమ్మొద్దని కేంద్ర ఆహార మంత్రి కూడా అప్పుడు చెప్పారు. ఇప్పుడు మళ్ళీ యుద్ధం మాట వినబడుతోంది. ఆ గొడవా మళ్ళీ మొదలైంది.

పెద్దవాళ్ళది ఉత్త టెన్షన్ అని కొట్టిపారేసే ముందు ఆ భయం ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు వేసిన సంగతి, ఆ వెంటనే మద్రాసు సగం ఖాళీ అయిన సంగతి చాలామంది రాశారు. సముద్రానికి దూరమని చిత్తూరు, తిరుపతి, మదనపల్లె వైపు కూడా జనం తరలివచ్చారు. సెలవులు కాని రోజుల్లో చుట్టాల పిల్లలు దిగడం ఇక్కడి పిల్లలకు పండగలాగే ఉండేదట. కానీ మన జిల్లా పొయ్యి దాకా యుద్ధం వచ్చింది వేరే దారిలో. ఆ బాంబులకు నెల ముందు, మార్చి 8న, రంగూన్ జపాన్ చేతికి పోయింది. దాంతో బర్మా బియ్యం ఆగిపోయింది.

ఏటా పది లక్షల టన్నులకు పైగా బర్మా బియ్యం దేశంలోకి వచ్చేది. అందులో పెద్ద వాటా మద్రాసు రాష్ట్రానిదే. మా దగ్గర పల్లెల్లో రోజూ తినేది రాగి సంగటి, వరికూడు పండక్కే కదా, బర్మా బియ్యం ఆగితే మాకేం అని ఎవరైనా అనుకోవచ్చు. జరిగింది వేరు. బియ్యం కరువైన పట్నం రాగుల మీద, కొర్రల మీద, జొన్నల మీద పడింది. సంగటి తినేవాడి రాగులకూ రేటు పెరిగింది. మా అవ్వ యుద్ధం గురించి చెప్పేటప్పుడు జపాన్ పేరు గానీ, హిట్లర్ పేరు గానీ ఎత్తేది కాదు. "రాగులు దొరకని ఏడు" అనేది. ముద్ద చిన్నదయిందని, పిల్లలకు పెట్టి వాళ్ళమ్మ అంబలి నీళ్ళు తాగి పడుకునేదని చెప్పేది. ఆ మాట చెప్పినప్పుడల్లా నా పళ్ళెంలో ఇంకో ముద్ద వేసేది.

1943లో మద్రాసు నగరంలో రేషను మొదలై తర్వాత జిల్లాలకు పాకింది. బియ్యం, చక్కెర, కిరసనాయిలు, గుడ్డ, అన్నిటికీ కంట్రోలే, అంటే సర్కారు చెప్పిన కొలత, చెప్పిన రేటు. కంట్రోలు అంగడి ముందు తెల్లారకముందే సంచి పెట్టి వరసలో చోటు కాయడం పిల్లల పని. ఆ తరానికి బాగా గుర్తున్నది ఆ వరసే. కిరసనాయిలు చాలక రాత్రి బుడ్డి దీపం తొందరగా ఆర్పేసేవాళ్ళు, చదువు పగటి వెలుగులోనే. రాగి లోహం ఆదా కోసం 1943లో మధ్యలో చిల్లున్న కాణీ తెచ్చారు. పిల్లలు దాన్ని మొలతాడుకు గుచ్చుకున్నారు. పెట్రోలుకూ కోటానే కాబట్టి బస్సు వెనక డ్రమ్ములో బొగ్గు మండించి, ఆ గ్యాసుతో నడిపేవాళ్ళు. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు తెరిచింది కూడా ఆ రోజుల్లోనే, 1944 ఏప్రిల్‌లో.

ప్రభుత్వం చెప్పిన కథ ఇంకోలా ఉంది. సైన్యానికి తిండి కావాలి, వ్యాపారులు దాస్తున్నారు, జనం అవసరానికి మించి కొంటున్నారు, అందుకే కంట్రోలు అని. దాచిన వ్యాపారులు ఉన్నారు, అందులో అబద్ధం లేదు. బ్లాకులో కొన్నవాళ్ళూ ఉన్నారు.

కానీ దాచుకోవాలంటే ముందు ఇంట్లో ఉండాలి. గాదె ఉన్న రైతు తట్టుకున్నాడు. కూలికి వెళ్ళి సాయంత్రం శేరు గింజలు తెచ్చుకునే ఇంటికి దాచడానికి ఏముంది? రైతు కష్టం ఇంకో రకం. మిగులు ధాన్యం సర్కారుకే అమ్మాలి. మునసబు, కరణం వచ్చి గాదెలో ఎంతుందని అడిగితే తెలియదని చెప్పమని పిల్లలకు నేర్పేవాళ్ళు. అబద్ధమాడితే తన్నే నాయనే ఆ ఒక్క విషయంలో అబద్ధం నేర్పాడు. పిల్లల మనసులో అది గట్టిగా నాటుకుపోయింది.

యుద్ధం 1945లో ముగిసినా కొరత ముగియలేదు. 1946లో రేషను తలకు రోజుకు 12 ఔన్సులకు, అంటే 340 గ్రాములకు తగ్గించారు. అప్పుడే రాయలసీమలో వానలూ మొహం చాటేశాయి. చివరికి 1952లో రాజాజీ మద్రాసు ముఖ్యమంత్రి అయ్యాక కంట్రోలు ఎత్తేశారు. పదేళ్ళంటే ఒక పిల్లవాడి బాల్యం మొత్తం.

ఆ పిల్లలే 1965 నాటికి అమ్మానాన్నలు. పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది, ప్రధాని శాస్త్రి గారు సోమవారం రాత్రి భోజనం మానమన్నారు. చాలా ఇళ్ళు ఇష్టంగానే మానాయి. ఇంట్లో ఎవరూ బలవంతపెట్టలేదని, తాము కూడా దేశానికి ఏదో చేస్తున్నామని గర్వంగా ఉండేదని అప్పటి పిల్లలు ఇప్పటికీ చెబుతారు. అదే ఇంట్లో అవ్వ మాత్రం మంచం కింద రాగుల మూట పెట్టుకుని ఉండేది. రెండూ నిజమే. 2025లో అంగడికి మనిషిని పంపింది ఆ 1965 పిల్లలే.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఉంది, అది పెద్దవాళ్ళూ ఒప్పుకోవాలి. 1942లో దేశం బయటి బియ్యం మీద ఆధారపడింది. ఇప్పుడు మనమే ఎగుమతి చేస్తున్నాం. 1965లో పుట్టిన భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) గిడ్డంగులు ఉన్నాయి. కాబట్టి మూటలు కొనిపెట్టాల్సిన అవసరం లేదన్న మాట తప్పు కాదు. అయితే ఆ మాట చెప్పే తీరు మాత్రం తప్పు. గిడ్డంగిలో ఎంతుందో ఢిల్లీ చెబితే పెద్దవాళ్ళకు నమ్మకం కుదరదు. వాళ్ళు చిన్నప్పుడు చూసింది వీధి చివరి అంగడి తలుపు మూసి ఉండటం. 2025 జూన్ నుంచి మన రాష్ట్రంలో ఇంటింటికీ రేషను తెచ్చే బండ్లు పోయి మళ్ళీ రేషను అంగళ్ళు వచ్చాయి, 65 దాటినవాళ్ళకు ఇంటికే సరుకు ఇవ్వాలన్న నిబంధనా ఉంది. యుద్ధం మాట వినబడే నెలలో ఆ సరుకు ఒకటో తారీఖుకే గడప దగ్గరికి వస్తే, ఎన్ని బస్తాలు దిగాయో అంగడి బోర్డు మీద రాస్తే చాలని ఆ పెద్దవాళ్ళు అడుగుతున్నారు.