పడవ మీద తెల్లపొడి

పిల్లలూ,

అల్యూమినియం పడవకు ఇనుములా ఎర్రతుప్పు రాదు. రంగు అక్కడక్కడా పొక్కులా లేస్తుంది. గోటితో గీకితే సున్నంలాంటి తెల్లపొడి రాలి, కింద గుండుసూది తలంత గుంట కనబడుతుంది. పాత సత్తు గిన్నెలో ఉప్పూ పులుపూ తిన్న చుక్కలు చూశారుగా, అవీ ఇవీ ఒకటే.

ఈ లోహానికి గాలి తగలగానే కంటికానని పొర ఒకటి పట్టి కాపాడుతుంది. ఉప్పునీళ్లలోని క్లోరైడు ఆ పొరను పొడుస్తుంది. పక్కన రాగి వాషరో ఇత్తడి బోల్టో ఉందా, తడిలో రెండూ కలిసి బ్యాటరీ అయిపోతాయి. అరిగేది మాత్రం అల్యూమినియమే. అందుకే గుంట పూడ్చేముందు చుట్టుపక్కల ఏ లోహం ఉందో వెతకండి.

మంచినీళ్లతో ఉప్పు వదిలేలా కడిగి ఆరబెట్టండి. జిడ్డు కరిగించే అసిటోను ద్రవంతో తుడిచాకే రుద్దాలి. ముందే రుద్దితే జిడ్డంతా గీతల్లోకి దిగుతుంది. కొత్త స్టెయిన్‌లెస్ బ్రష్షు వాడండి. మామూలు ఇనుప బ్రష్షు వాడితే ఇనుప రజను ఇరుక్కుని మళ్లీ తినడం మొదలు. గుంట అడుగున పొడి లేకుండా లోహం తళతళలాడాలి. అసలు శ్రమంతా ఇక్కడే, తొందరపడితే ఆర్నెల్లకే పొక్కు మళ్లీ లేస్తుంది. చుట్టూ రెండంగుళాలు 80 నంబరు ఉప్పుకాగితంతో గరుకు చేయండి. అవతలి నుంచి టార్చి వెలుగు కనిపించినా, తడితే రేకు లొట్టపడినా ఆగిపోండి. అది వెల్డింగ్ పని.

ఎపాక్సీ అంటే రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు. డబ్బా మీద రాసిన పాళ్లలోనే, ఒకసారికి 50 గ్రాములకు మించకుండా కలపండి. ఎక్కువైతే గిన్నెలోనే వేడెక్కి పొగలొస్తుంది. చేతికి గ్లవ్స్, ముక్కుకు మాస్కు, పక్కన ఓ పెద్దవాళ్లు ఉండాలి. రుద్దిన గంటలోపే పలుచగా పూసి, ఆ తడిమీదే ఉప్పుకాగితంతో ఇంకోసారి రుద్దండి. అప్పుడు గాలి తగలని కొత్త లోహానికి ఎపాక్సీ అంటుకుంటుంది. ఆపైన ఫిల్లరు పొడి కలిపి, గరిటె తిప్పినా జారని పచ్చడంత చిక్కగా చేసి గుంట నింపండి. గట్టిపడ్డాక 120 నంబరుతో చదును చేసి, ఎపాక్సీ ప్రైమరు రెండు పూతలు, ఆపైన రంగు. నాచు పట్టకుండా వేసే, రాగి కలిసిన రంగు మాత్రం వద్దేవద్దు.

బోల్టుల కింద నైలాన్ వాషర్లు వేయండి. సముద్రమైతే జింకు దిమ్మె, చెరువైతే మెగ్నీషియం దిమ్మె పడవ లోహానికి నేరుగా తగిలేలా బిగించండి, పడవ బదులు అదే అరుగుతుంది. దానికి రంగు వేయకండి. ఏడాదైనా దిమ్మె కొత్తదానిలాగే ఉంటే సంతోషించకండి, బోల్టు విప్పి చూడండి. లోహానికి లోహం తగలడం లేదన్నమాట.

మీ తాతయ్య