కేసు పోయినా కాగితం పోదు: నేర రికార్డు ఎవరి కంట పడాలి?

దేవరకొండ దిక్కు ఊళ్లలో పొలం గట్టు కాడ మొదలైన కొట్లాట ఐపీసీ 323 (కొట్టి గాయపరచడం), 506 (బెదిరింపు) సెక్షన్ల కేసయ్యేది. నల్లగొండ లోక్ అదాలత్‌లో రాజీ పడితే, సీఆర్‌పీసీ 320(8) ప్రకారం అది నిర్దోషిగా తేలినట్టే అయ్యేది (ఐపీసీ, సీఆర్‌పీసీ 2024 జూలై దాకా అమల్లో ఉన్న శిక్షా, విచారణ చట్టాలు). అయినా ఆ కేసులో ఉన్న పిలగాడు కానిస్టేబుల్ కొలువుకు ఎంపికైతే, అటెస్టేషన్ ఫారంలో (కొలువులో చేరేముందు తన వివరాలు రాసిచ్చే పత్రం) అడిగినచోట ఆ కేసు రాయాల్సిందే. దాస్తే ఎంపికే రద్దు కావచ్చు. చిన్న కేసులను అధికారులు చూసీచూడనట్టు వదలొచ్చని 2016లో సుప్రీంకోర్టు అవతార్ సింగ్ తీర్పులో చెప్పింది గానీ, అది వాళ్ల విచక్షణే.

ఈ ముద్ర పాతది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం పుట్టిన కులాన్నే నేర రికార్డుగా మార్చింది. 1952లో అది రద్దయినా స్టేషన్లలో హిస్టరీ షీట్లు (అనుమానితులు, రౌడీల మీద పోలీసులు నడిపే రికార్డులు) మిగిలాయి. మన దగ్గర వీటికి ఆధారం పోలీసుల అంతర్గత నియమాలైన పోలీస్ స్టాండింగ్ ఆర్డర్లు 601, 602. అనుమానితుడి షీటు డిసెంబర్ ఆఖరుదాకానే నడవాలి; పొడిగించాలంటే గెజిటెడ్ అధికారి ఉత్తర్వు కావాలి. తప్పు జరిగేది ఇక్కడే: ఏటా సమీక్ష లేకుండానే షీటు సాగుతుంది. హైకోర్టులో రౌడీషీట్లు కొట్టేయించుకున్నవాళ్లకు పనికొచ్చిన వాదనల్లో ఇదొకటి.

పోలీసులు ఎవరి మీద కన్నేసి ఉంచారో రాసే నిఘా రిజిస్టర్ రహస్యమని 1980లో మలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గోప్యత పోలీసుల పని కోసమే, మనిషి పరువు కోసం కాదు. 2016లో గాలి ఎదురు తిరిగింది: ఎఫ్ఐఆర్‌ను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని యూత్ బార్ అసోసియేషన్ తీర్పు ఆదేశించింది. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాదం వంటివాటికి మినహాయింపు. నిందితుడికి ఎఫ్ఐఆర్ కాపీ అందాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఎఫ్ఐఆర్ అంటే ఆరోపణ మాత్రమే. తర్వాత వచ్చిన తీర్పు ఆ కాగితం మీద కనిపించదు. 2024 మేలో అమానతుల్లా ఖాన్ కేసులో మాత్రం, హిస్టరీ షీటు పోలీసుల అంతర్గత పత్రమనీ బహిరంగపరచరాదనీ సుప్రీంకోర్టు తేల్చింది.

గట్టి రక్షణ పిల్లలకే ఉంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం, ముగిసిన కేసు వివరాలను క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు బయటపెట్టకూడదు.

పెద్దవాళ్లు ఎవరి రికార్డు వాళ్లే తుడిపించుకోవాలి. తీర్పు సర్టిఫైడ్ కాపీతో రౌడీషీటు కోసం డీఎస్పీకి అర్జీ పెట్టాలి. పోలీసులు తీసుకున్న వేలిముద్రలు, ఫొటోలను 2022 క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టం కింద 75 ఏళ్లు ఉంచుతారు. అంతకుముందు శిక్ష పడనివాళ్లు నిర్దోషులుగా తేలి, అప్పీళ్లన్నీ ముగిస్తే, కోర్టు వేరే ఉత్తర్వు ఇవ్వనంతవరకు వాటిని నాశనం చేయాలి. అందుకు రాష్ట్ర నోడల్ అధికారికి దరఖాస్తు చేయాలి. వెబ్‌సైట్‌లోని ఎఫ్ఐఆర్‌ను కేసు కొట్టేశాక తీసేయడం గురించి 2016 యూత్ బార్ తీర్పు ఏమీ చెప్పలేదు.