తాతయ్యకు బీపీ చూసే పిల్లలకు

చిరంజీవులకు,

ఇంట్లో బీపీ మిషన్ బటన్ నొక్కేది ఈమధ్య మీరే కదా! ఆ పట్టీతో కుస్తీ పట్టే ఓపిక పెద్దవాళ్లకు లేదు. అందుకే ఈ ఉత్తరం వాళ్లకు కాకుండా మీకు రాస్తున్నాను.

తాతయ్య బజారు నుంచి వచ్చి, చెమట తుడుచుకుంటూ చెయ్యి చాపితే అప్పుడే చూడకండి. కుర్చీలో వీపు ఆనించి ఐదు నిమిషాలు కూర్చోనివ్వండి. పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు వద్దు. కాఫీ తాగినా, చుట్ట కాల్చినా అరగంట ఆగాలి. బాత్‌రూమ్‌కి వెళ్లాల్సి ఉంటే వెళ్లి రమ్మనండి, ఆపుకుని కూర్చుంటే అంకె పెరుగుతుంది. పట్టీ చొక్కా మీద కాదు, ఒంటి మీదే చుట్టాలి. మోచేతి మడతకు రెండు వేళ్లు పైన, పట్టీ కింద ఒక వేలు దూరేంత బిగువుగా. చెయ్యి బల్ల మీద ఆన్చి, పట్టీ గుండె ఎత్తులో ఉండేలా చూడండి. వేలాడేస్తే ఎక్కువ చూపిస్తుంది. లావు చేతికి చిన్న పట్టీ చుట్టినా అంతే. ఎన్ని సెంటీమీటర్ల చేతికి సరిపోతుందో పట్టీ మీదే రాసి ఉంటుంది. కొనేముందు టైలరు టేపుతో చెయ్యి కొలుచుకుని వెళ్లండి. కొలుస్తున్నంతసేపూ ఇద్దరూ మాట్లాడకూడదు. నిమిషం ఆగి రెండోసారి చూసి, రెండు అంకెలూ తారీకు వేసి రాయండి. ఒక్కపూట పై అంకె 150 వచ్చిందని కంగారొద్దు. వారం రోజుల సగటు 135/85 దాటితే ఆ పుస్తకం డాక్టరుకు చూపించాలి. 180/120 దాటి, ఛాతీనొప్పో ఆయాసమో చూపు మసకో ఉంటే మాత్రం వారం లేదు, వెంటనే బయల్దేరాలి.

పుస్తకంలో 120/80 కనబడగానే "తగ్గిపోయిందిరా" అని మాత్ర మానేస్తారు చూడండి, కొంప ముంచేది అదే. తగ్గింది మాత్ర వల్లే. మానేస్తే మళ్లీ ఎక్కుతుంది, ఎక్కినట్టు ఒంటికి తెలియదు కూడా. డబ్బుకు వెనకాడి మానేస్తుంటే దానికి దారి ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు మాత్రలు ఉచితం. జన ఔషధి దుకాణంలో అదే మందు బ్రాండు ధరలో సగానికన్నా తక్కువకే దొరుకుతుంది.

ఇక ఉప్పు. మనిషికి రోజుకు 5 గ్రాములు మించొద్దు, అంటే చదునుగా ఒక టీస్పూను. నలుగురున్న ఇంటికి నెలకు 600 గ్రాములన్నమాట. మీ ఇంట్లో కిలో ప్యాకెట్ ఎన్నాళ్లు వస్తోందో చూసుకోండి. పచ్చళ్లు, అప్పడాలు, ఊరమిరపకాయల్లో ఉన్న ఉప్పు కూడా ఆ 5 గ్రాముల్లోకే వస్తుంది. ఆవకాయ మానమని చెప్పను, చెప్పినా ఎవరూ వినరు. పచ్చడి వేసుకున్న పూట మజ్జిగలో ఉప్పు మానేయండి చాలు. గులాబీ రంగు ఉప్పు కొంటే తప్పించుకున్నట్టు కాదు, అందులోనూ ఉన్నది బీపీ పెంచే సోడియమే.

మీ ఈడువాళ్ల సంగతికొస్తే, "రోజుకు ఒక్క సిగరెట్టే" అనేది మోసపు లెక్క. ఇరవై కాల్చేవాడికి గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, ఒకటి కాల్చేవాడికి అందులో దాదాపు సగం పెరుగుతుంది. ఖైనీకి పొగ లేదు, నికోటిన్ మాత్రం బుగ్గలోంచే రక్తంలోకి దిగి బీపీని ఎగదోస్తుంది. మానాలనుకున్నవాళ్లకు 1800-11-2356 ఉచిత ఫోను.

మన ఇళ్లలో గుండెపోటుకు మారుపేరు "గ్యాస్". ఛాతీ మధ్య బండ పెట్టినట్టు బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట. షుగరు ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు ఒక్కోసారి నొప్పే ఉండదు, ఆయాసం, వాంతి, నీరసం అంతే. సోడా తాగించి గంట చూద్దాం అనకండి. 108కి ఫోన్ చేయండి. మెట్లు ఎక్కనివ్వొద్దు, బండి వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లొద్దు. ఫోన్లలో తిరిగే సలహా చూసి సార్బిట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టకండి, బీపీ పడిపోయి ఉంటే ఇంకా పడిపోతుంది. మొదటి ఈసీజీ బాగానే ఉన్నా నొప్పి ఆగకపోతే మళ్లీ తీయమని అడగండి. గుండె రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు నొప్పి మొదలైనప్పటి నుంచి గడువు 12 గంటలే, అందులోనూ ముందు గంటలకే విలువ.

స్టెంటు, అంటే పూడిన రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం, వేయాల్సివస్తే ఖర్చు అక్కడే. 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధరకు కళ్లెం వేసి, మందుపూత స్టెంటును పన్నులు కాక 29,600 రూపాయలకు దించింది. అంతకుముందు లక్ష దాటేది. ఆ గరిష్ఠ ధరను తర్వాత మారుస్తూ వచ్చారు. బిల్లులో స్టెంటు ధర, కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు విడిగా రాయాలని నిబంధన, అడిగి తీసుకోండి. గది, ఆపరేషన్ ఛార్జీలు వేరే. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది. చేరగానే డబ్బు కట్టేయకుండా ముందు ఈ పథకాల పని చూసే ఆరోగ్యమిత్ర బల్ల ఎక్కడో కనుక్కోండి. ఏ ఆసుపత్రి ఆ పథకం జాబితాలో ఉందో ఈ ఆదివారమే చూసిపెట్టుకుంటే ఇంకా నయం.

అలాగే తాతయ్య మాత్రల పేర్లు, మోతాదు, ఆ పథకం కార్డు నంబరు ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించండి. పేరు రాసేటప్పుడు బ్రాండుతో పాటు దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు కూడా. మందుల షాపులో సగం స్ట్రిప్ కత్తిరించి ఇస్తే ఆ పేరు, గడువు తేదీ ఉన్న ముక్కే అడిగి తెచ్చుకోండి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న