గాజుల చేతుల వీరనారి

బరంపురం

చిరంజీవులు చిన్నికి, బాబ్జీకి మామ్మ దీవెనలు.

మీరు రైలెక్కి వెళ్లి పది రోజులైంది. జాతర అయిపోయి ఠాకురాణీ అమ్మవారు కూడా పుట్టింటి నుంచి గుడికి వెళ్లిపోయింది. వీధిలో పందిళ్లు విప్పేస్తున్నారు. ఇప్పటికి తీరిక దొరికింది కాబట్టి ఆ రోజు మధ్యలో ఆగిపోయిన తగువు సంగతి రాస్తున్నాను.

తగువేంటో గుర్తుందిగా. జాతరలో అందరూ వేషాలు కడుతుంటే చిన్ని తను వండర్ ఉమన్ వేషం కడతానంది. అట్టముక్కలకి బంగారు కాగితం అంటించి కడియాలు చేసుకుంది. నా పాత చీర జరీ అంచు చింపి నడుముకి తాడులా చుట్టుకుంది. (అది బరంపురం పట్టు. పోనీలే, ఎలాగూ మడతల దగ్గర చిరిగింది.) బాబ్జీ ఏమో "అమ్మవారి జాతరకి పులి వేషమో, కృష్ణుడి వేషమో వెయ్యాలి గానీ అమెరికా బొమ్మ వేషమేంటి? ఆవిడేమైనా దేవతా?" అన్నాడు. "దేవతే, దేవుళ్లు వరాలిచ్చారు" అని చిన్ని. మీ అమ్మ ఎవరి మాటా వినకుండా "ఏ వేషమూ వద్దు, ఎండ" అంది. ఇద్దరూ నా దగ్గరికొచ్చారు. ఘటాలు వచ్చే వేళ, నేను నీళ్ల బిందె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. "తర్వాత చెప్తాను" అని తప్పించుకున్నాను. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు జవాబు తెలీదు. మీరెళ్లాక పక్కింటి అబ్బాయి చేత సినిమా పెట్టించుకుని చూశాను. అతని దగ్గరున్న బొమ్మల పుస్తకాలూ చదివాను. ఎంత చిన్న అక్షరాలో, కళ్లు లాగేశాయి.

మన ఠాకురాణీని ఫలానా ఆయన ఫలానా సంవత్సరంలో పుట్టించాడని ఎవరూ అనలేరు. వండర్ ఉమన్‌కి మాత్రం లెక్క ఉంది. 1941 చివర్లో ఆల్ స్టార్ కామిక్స్ అనే పత్రిక 8వ సంచికలో మొదటిసారి కనిపించింది. రాసినాయన విలియం మౌల్టన్ మార్‌స్టన్ అనే అమెరికా సైకాలజిస్టు, బొమ్మలు గీసినాయన హ్యారీ పీటర్. అప్పటికే సూపర్‌మాన్, బ్యాట్‌మాన్ వచ్చేశారు. పిల్లల పుస్తకాల నిండా పిడిగుద్దులే అని పెద్దవాళ్లు గోల పెడుతున్న రోజులు. గుద్దులతో కాకుండా ప్రేమతో గెలిచే వీరుణ్ణి పెడతానని మార్‌స్టన్ అంటే, "అయితే ఆ వీరుడు ఆడది కావాలి" అని భార్య ఎలిజబెత్ అందని వాళ్ల ఇంట్లో చెప్పుకునే మాట. అందే ఉంటుంది. ఇంట్లో మేం ఎన్ని అనలేదు, ఎవరు రాసుకున్నారు గనక!

సరే, కథలోకి వస్తాను. మగవాళ్లు అడుగు పెట్టని దీవి. అక్కడ అమెజాన్లనే యోధురాళ్లు, వాళ్ల రాణి హిప్పోలిటా. ఈ పేర్లు మార్‌స్టన్ కల్పించినవి కావు, పాత గ్రీకు కథల్లోవి. నల్ల సముద్రం ఒడ్డున, ఇప్పటి టర్కీలో, థెమిస్కైరా అనే ఊరు వాళ్లదని గ్రీకులు చెప్పుకున్నారు. కానీ ఆ కథల్లో అమెజాన్లు వచ్చేది ఎందుకంటే, ఎవడో వీరుడి చేతిలో ఓడిపోవడానికి. హెర్క్యులస్ వెళ్లి హిప్పోలిటా నడికట్టు తెచ్చుకుంటాడు. ట్రాయ్ యుద్ధంలో పెంథెసిలియా అనే అమెజాన్ రాణిని అకిలీస్ చంపేస్తాడు. అంతా కట్టుకథేనా అంటే అదీ కాదు. నల్ల సముద్రానికి ఉత్తరాన గడ్డి మైదానాల్లో, శకుల సమాధుల్లో విల్లంబులతో, కత్తులతో పూడ్చిన ఆడవాళ్ల ఎముకలు దొరికాయి.

మనకీ ఇలాంటి రాజ్యం ఒకటుంది. జైమిని భారతంలో ధర్మరాజు అశ్వమేధపు గుర్రం తిరిగి తిరిగి స్త్రీల రాజ్యంలోకి వెళ్తుంది. ఆ రాణి ప్రమీల గుర్రాన్ని కట్టేసి, అర్జునుడంతటివాణ్ణి నిలబెట్టి యుద్ధం చేస్తుంది. చివరికి ఆకాశవాణి చెప్తే అర్జునుడు పెళ్లికి ఒప్పుకుంటాడు. గుర్రం ముందుకి పోతుంది, ప్రమీల రాజ్యం ఏమైందో మళ్లీ ఎవరూ అడగరు. నా చిన్నప్పుడు మా నాన్న ఈ కథ చెప్తే "మరి ఆ ఊళ్లో మిగతావాళ్లో?" అని అడిగాను. "పడుకో" అన్నారు.

వండర్ ఉమన్ కథ అక్కడే వేరే దారి పట్టింది. దీవిలో ఒక విమానం కూలుతుంది. అందులో స్టీవ్ ట్రెవర్ అనే సైనికుడు. అతన్ని దిగబెట్టి, బయట జరుగుతున్న యుద్ధంలో సాయం చెయ్యడానికి ఒక యోధురాలు వెళ్లాలి. ఎవరు వెళ్లాలో పోటీ పెడతారు. రాణి కూతురు డయానాని (తర్వాత వండర్ ఉమన్ అయ్యేది ఈ పిల్లే) పాల్గొనొద్దంటుంది తల్లి. ఆ పిల్ల ముఖానికి ముసుగేసుకుని, అంటే వేషం కట్టి, పోటీకి దిగి గెలుస్తుంది. చివరి పరీక్ష ఏంటో తెలుసా? ఎదురుగా తుపాకీ పేలుస్తుంటే చేతి కడియాలతో గుళ్లు అడ్డుకోవాలి. తల్లి వద్దన్నా వేషం కట్టిందన్న ముక్క మాత్రం మీ అమ్మకి చదివి వినిపించకండి.

ఆ కడియాల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పిరికివాణ్ణి "గాజులు తొడుక్కుని కూర్చో" అని తిట్టడం మీరూ వినే ఉంటారు. మీ తాతయ్య నోటా విన్నాను, ఆయనకి అన్నం వడ్డిస్తున్న నా చేతికి డజను గాజులుండగా. ఈ కథలో గుండుకి అడ్డుపడేది సరిగ్గా అవే. వాటి వెనక ఇంకో సంగతి ఉంది. హెర్క్యులస్ ఒకప్పుడు అమెజాన్లని మోసంతో గెలిచి సంకెళ్లు వేశాడు. విడుదలయ్యాక, ఆ బందిఖానా మరిచిపోకుండా ఎప్పుడూ కడియాలు వేసుకునే ఉండమని ప్రేమదేవత అఫ్రొడైటీ వాళ్లకి చెప్పింది. మొదట్లో వచ్చిన ఆ బొమ్మల కథల్లో మగవాడెవడైనా ఆ రెండు కడియాలనీ కలిపి గొలుసు బిగిస్తే చాలు, డయానా బలమంతా పోతుంది. మార్‌స్టన్ ఇంట్లో ఆలివ్ బర్న్ అనే ఆవిడ ఉండేది, ఆయనకి రెండో భార్యలాంటి మనిషి. ఆవిడ రెండు చేతులకీ వెడల్పాటి కడియాలుండేవి. డయానావి వాటిని చూసి గీయించినవే.

ఇక డయానా బంగారు తాడు. చిన్ని మెచ్చుకున్నదంతా ఆ తాడునే కదా! దానితో కడితే ఎవరైనా నిజం కక్కాల్సిందే. మొదట్లో అలా లేదు. కట్టినవాళ్లు ఏం చెప్తే అది చెయ్యాలని ఉండేది. నిజం చెప్పించడం రానురాను దాని అసలు పని అయింది. ఇది రాసినాయన బతుకు చూస్తే నవ్వొస్తుంది. మార్‌స్టన్ కుర్రతనంలో అబద్ధాలు పట్టే పద్ధతి కనిపెట్టానన్నాడు. అబద్ధం చెప్పేటప్పుడు బీపీ పెరుగుతుంది కాబట్టి, నెలనెలా డాక్టరు నా చేతికి పట్టీ చుట్టి గాలి కొడతాడే, అలాంటి దానితోనే దొంగని పట్టొచ్చని ఆయన వాదన. తర్వాత వచ్చిన లై డిటెక్టర్ మెషీన్లో ఆ బీపీ కొలతా ఒక భాగం. అయితే 1923లో వాషింగ్టన్‌లో ఒక హత్య కేసులో ఆ పరీక్షని సాక్ష్యంగా తీసుకోమంటే, శాస్త్రం తెలిసినవాళ్లందరూ ఒప్పుకున్న పద్ధతి కాదని కోర్టు తోసిపుచ్చింది. కోర్టులో చెల్లని యంత్రం బొమ్మల పుస్తకంలో బంగారు తాడై చెల్లింది. అదీగాక నాకు మెషీను మీద నమ్మకం తక్కువ. డాక్టరు ముందు కూర్చుంటేనే టెన్షన్‌తో నా బీపీ పెరుగుతుంది, నేనేం అబద్ధం చెప్పాను?

నిజం చెప్పించే తాడు పుట్టిన ఆ ఇంట్లో దాచిన నిజాలు చాలానే ఉన్నాయి. ఇద్దరు ఆడవాళ్లతో కాపురం బయటికి చెప్పుకోలేదు. పుస్తకం మీద పేరు కూడా ఆయనది కాదు, చార్లెస్ మౌల్టన్ అని పెట్టుకున్నాడు. 1944లో ఆయనకి పోలియో వచ్చింది, 1947లో పోయాడు. ఆ మధ్యలో చాలా కథలు రాసింది జోయ్ హమ్మెల్ అనే అమ్మాయి, ఆయన దగ్గర చదువుకున్న పిల్ల. అయినా అట్ట మీద పడిన పేరు చార్లెస్ మౌల్టన్‌దే. ఆవిడ కష్టాన్ని లోకం గుర్తించేసరికి ముసలిదైపోయింది. బాబ్జీ, ఇంకోటి విను. సూపర్ హీరోలందరూ కలిసి ఒక సంఘం పెట్టుకుని వండర్ ఉమన్‌ని చేర్చుకుంటే ఏ పదవి ఇచ్చారనుకున్నావు? సెక్రటరీ. వాళ్లు లోకాన్ని రక్షించడానికి బయల్దేరితే మీటింగు పుస్తకం ఈవిడ చూసుకోవాలి. నేను పనిచేసిన స్కూల్లోనూ మీటింగంటే ముందు టీలు ఎవరు చెప్పాలో అందరికీ తెలిసేది.

పుట్టుక గురించి చెప్పకుండా వదల్లేను, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. హిప్పోలిటాకి బిడ్డ కావాలి. మట్టి తీసుకుని తన చేత్తో పాప బొమ్మ చేసుకుంటుంది. దేవత ప్రాణం పోస్తుంది. ఇది చదవగానే మీకేం గుర్తొచ్చింది? నాకు పార్వతీదేవి నలుగుపిండి గుర్తొచ్చింది. వినాయక చవితినాడు ప్రతి ఏడూ చదువుకునే కథే: తల్లి ఒక్కతే కూర్చుని చేసుకున్న బిడ్డ. ఆ కథలో తండ్రి వచ్చాకే తల తెగింది. (మీ తాతయ్య ఉంటే ఈ వాక్యం కొట్టేయించేవారు.) ఈ మట్టిబొమ్మ కథలోనూ తండ్రి వచ్చాడు, డెబ్భై ఏళ్లు ఆలస్యంగా. 2011లో కామిక్స్ వాళ్లు కథ మార్చి, మట్టీ కాదు ఏమీ కాదు, డయానా గ్రీకు దేవుళ్ల రాజు జ్యూస్ కూతురన్నారు. మీరు చూసిన 2017 సినిమాలోనూ అంతే. చిన్నప్పుడు తల్లి మట్టి కథ చెప్తుంది, పెద్దయ్యాక అది నిద్రపుచ్చడానికి చెప్పిన కథని తేలుతుంది. నాకు మనసొప్పలేదు. అంత బలం ఉందంటే ఎవరో పెద్దదేవుడి కూతురై ఉండాలా? అమ్మ చేత్తో పిసికిన మట్టికి రాదా?

ఇంకా చాలా మార్పులు చేశారు. 1968లో ఆవిడ శక్తులూ ఆ వేషమూ తీసేసి బట్టల కొట్టు పెట్టించారు. 1972లో మిజ్ అనే ఆడవాళ్ల పత్రిక వాళ్లు పాత వేషంతోనే ఆవిణ్ణి అట్ట మీద వేసి, ప్రెసిడెంట్‌ని చెయ్యాలన్నారు. ఆ తర్వాత శక్తులు తిరిగొచ్చాయి. 1975 నుంచి టీవీలో లిండా కార్టర్ గిర్రున తిరిగి వేషం మార్చేది. 2017 సినిమా తీసింది ప్యాటీ జెంకిన్స్ అనే ఆవిడ, వేసింది గాల్ గాడోట్. పుస్తకంలో రెండో ప్రపంచ యుద్ధం ఉంటే సినిమాలో మొదటిదానికి జరిపారు. కందకంలోంచి నిచ్చెనెక్కి ఒక్కతే తుపాకులకి ఎదురు నడిచే ఘట్టం బాగుంది. ఆఖరి కొట్లాట మాత్రం మరీ పెద్దది, నేను మధ్యలో లేచి పొయ్యి మీద పప్పు చూసొచ్చాను.

ఇప్పుడు మీ తగువు. బాబ్జీ, ఆవిడ దేవత కాదు, అక్కడ నువ్వు చెప్పింది సరే. ఆవిడకి గుడి లేదు, ఘటం లేదు, మొక్కు లేదు. కానీ దేవుళ్లందరూ తలొక ఆయుధం ఇస్తే దుర్గ బయల్దేరినట్టు, ఈవిడా ఒకరి అందం, ఒకరి తెలివి, ఒకరి బలం తీసుకుని వచ్చింది. కాబట్టి చిన్ని అన్నదీ పూర్తిగా తప్పు కాదు. అయినా మన జాతరలో పులి వేషం వేసినవాడు పులిని పూజిస్తున్నాడా? ఇక్కడ వేషం కట్టేది మొక్కు తీర్చుకోవడానికి. బిడ్డకి జబ్బు నయమైతే కడతామనుకుంటారు, నయమయ్యాక ఒళ్లంతా రంగు పూసుకుని ఎండలో ఆడి అమ్మవారి ముందు నిలబడతారు. మీ నాన్నకి మూడేళ్లప్పుడు టైఫాయిడ్ తగ్గితే మీ తాతయ్య పులి వేషం కట్టారు. అంతటి మనిషి! పసుపు రంగు మూడు రోజులు వదల్లేదు, అలాగే ఆఫీసుకి వెళ్లారు.

అందుకని చిన్నీ, నేను అడిగేది ఒక్కటే. ఏ వేషమన్నది తర్వాత చూద్దాం, నువ్వు అమ్మవారికి ఏం మొక్కుకున్నావు? ఏమీ లేకపోతే ఆ వేషం స్కూలు ఫంక్షన్‌కి వేసుకో, నేనే జరీ పంపిస్తాను. ఉంటే మాత్రం నాకు రాయి, బాబ్జీకి చూపించకు. జాతర మళ్లీ రెండేళ్లకి కదా, అప్పటికి మీ అమ్మతో నేను మాట్లాడతాను.

నీ కడియం ఒకటి మంచం కింద దొరికింది. కాగితం లేచిపోతే మైదాపిండి జిగురు పెట్టి అంటించాను. వచ్చే వారం మీ బాబాయి విశాఖ వస్తున్నాడు, అతని చేత పంపుతాను. రెండోది నీ దగ్గరే ఉందో, రైల్లో పారేసుకున్నావో చూసుకో.

ఇట్లు,
మామ్మ