ఆపరేషన్ తర్వాత మూడో ఏడు

మొన్న దసరాకు మిర్యాలగూడ పోతే మా చిన్నమ్మ బీరువాలోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టింది. బరువు తగ్గే ఆపరేషన్‌కు హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఇచ్చిన ఎస్టిమేట్ అది. రూము అద్దె, కడుపు కత్తిరించి కుట్టే స్టేప్లర్ ఖర్చు, మత్తు డాక్టరు ఫీజు, అన్నీ వరుసగా రాశారు. అట్టడుగున చిన్న అక్షరాల్లో ఒక ముక్క: ఫాలో అప్, 2 విజిట్లు.

"నువ్వు సైన్సు ముచ్చట్లు రాస్తవు గద బిడ్డా, చదివి చెప్పు. చేయించుకోవాల్నా, వద్దా?"

చిన్నమ్మకు 46 ఏళ్లు. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు. పదేళ్లుగా షుగర్ ఉంది, దాని వెనకే బీపీ వచ్చింది. ఇక గురక సంగతి ఇరుగుపొరుగుకు కూడా తెలుసు. ఇంట్లో అందరి భయం ఒక్కటే, టేబుల్ మీద ఏమన్నా అయితే ఎట్లా అని. ఆ కాగితం చదివాక నేను టేబుల్ గురించి పెద్దగా టెన్షన్ పడలేదు. ఆ రెండు విజిట్ల దగ్గరే ఆగిపోయాను.

ముందు చిన్నాయన మాట. "నోరు కట్టుకుంటే తగ్గదా? కడుపు కోసుకునుడెందుకు?" మన దగ్గర లావుగా ఉన్న ప్రతి మనిషీ ఈ మాట వినే ఉంటారు. కొద్ది బరువున్నవాళ్ల విషయంలో అందులో కొంత నిజముంది. వంద కిలోలు దాటిన ఒంటికి మాత్రం లెక్క మారుతుంది. అమెరికాలో టీవీ పోటీలో పాల్గొని పదుల కిలోలు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. వాళ్ల శరీరాలు ఊరికే ఉన్నప్పుడు ఖర్చుపెట్టే శక్తి, వాళ్ల ఒంటికీ వయసుకూ ఉండాల్సినదానికంటే రోజుకు దాదాపు 500 కెలోరీలు తక్కువగా ఉంది. అంటే ఇంచుమించు రెండు పూటల జొన్నరొట్టెలు. చాలామందికి పోయిన బరువు మళ్లీ వచ్చింది. కరువొచ్చిందనుకుని ఒళ్లు పొదుపు మొదలుపెడుతుంది, ఆకలి పెంచుతుంది. దాన్ని మనిషి బద్ధకం కింద రాసెయ్యడం అన్యాయం.

ఆపరేషన్ ఈ పొదుపు లెక్కలోనే వేలు పెడుతుంది. ఎక్కువగా చేసేవి రెండు రకాలు. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువునా కత్తిరించి, నాలుగింట మూడొంతులకు పైగా తీసేస్తారు. అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టం మిగులుతుంది. బైపాస్‌లో పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్ల సంచి మిగిల్చి, చిన్నపేగును కింది నుంచి తెచ్చి దానికి కుడతారు. దగ్గు మందు మూతతో కొలిస్తే ఆ సంచిలో పట్టేది మూడు మూతలు. తిన్నది మిగతా జీర్ణాశయాన్ని, పేగు మొదటి భాగాన్ని తాకకుండా పోతుంది.

కడుపు చిన్నదైంది కాబట్టి తిండి తగ్గింది అనుకోవడం తేలిక. అసలు విశేషం హార్మోన్లలో ఉంది. ఆకలి పుట్టించే గ్రెలిన్‌ను 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అది ఎక్కువగా తయారయ్యే పైభాగమే స్లీవ్‌లో పోతుంది. బైపాస్‌లో తిండి పేగు కింది భాగానికి తొందరగా చేరి, ఇన్సులిన్‌ను పెంచే, "చాలు" అనిపించే జీఎల్‌పీ-1 ఎక్కువగా విడుదలవుతుంది. అందుకే బరువు ఇంకా పెద్దగా తగ్గకముందే, కొన్ని రోజుల్లోనే షుగర్ దిగడం మొదలవుతుంది. అమెరికాలో వాల్టర్ పోరీస్ అనే సర్జన్ దీన్ని గమనించి 1995లో వివరంగా రాసినప్పుడు వైద్యులే ఆశ్చర్యపోయారు.

అట్లాగని "షుగర్‌కు శాశ్వత పరిష్కారం" అనే బోర్డులను నమ్మాలా? క్లీవ్‌లాండ్‌లో 150 మంది షుగర్ రోగులతో చేసిన పరీక్షలో, ఐదేళ్ల తర్వాత మూడు నెలల సగటు షుగర్ 6 శాతానికి దిగి ఉన్నది బైపాస్ వాళ్లలో 29 శాతం, స్లీవ్ వాళ్లలో 23 శాతం, మందులు మాత్రమే వాడినవాళ్లలో 5 శాతం మందికే. మందుల కంటే ఎంతో మెరుగు. కానీ మాత్రల డబ్బాను మూసీలో పారేసే లెక్క మాత్రం కాదిది. షుగర్ వచ్చి ఎక్కువ ఏళ్లయినవాళ్లకు, ఇన్సులిన్ దాకా వెళ్లినవాళ్లకు అవకాశం తగ్గుతుంది. చిన్నమ్మకు ఈ మాట చెప్పడం కష్టమే అయింది.

ఆయుష్షు మాటకొస్తే స్వీడన్‌లో 1987లో మొదలైన పరిశీలనే పెద్ద ఆధారం. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, అంతే లావుండి చేయించుకోనివాళ్ల కంటే సగటున మూడేళ్లు ఎక్కువ బతికారు. మామూలు జనంతో పోలిస్తే మాత్రం ఇంకా ఐదున్నరేళ్లు వెనకే. అందులో చాలామందికి జరిగినవి పాత రకం ఆపరేషన్లని కూడా గుర్తుంచుకోవాలి. బైపాస్ అయినవాళ్లు మొదటి ఒకటి రెండేళ్లలో ఒంటి బరువులో 32 శాతం దాకా తగ్గారు, పదేళ్లకు ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. అంటే కొంత బరువు తిరిగొస్తుంది. అది తెలియక చాలామంది కుంగిపోతారు.

టేబుల్ భయం సంగతి: నెల రోజుల్లోపు చనిపోయే ప్రమాదం వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా. కుట్టు దగ్గర లీకు, రక్తస్రావం, కాళ్లలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరడం, ఇవీ ఉంటాయి. చిన్న విషయాలేం కావు. కానీ అప్పుడు చుట్టూ డాక్టర్లు ఉంటారు.

మిర్యాలగూడలో మూడో ఏట ఎవరుంటారు?

బి12 విటమిన్ ఒంటికి పట్టాలంటే జీర్ణాశయంలో పుట్టే ఒక ప్రొటీన్ కావాలి. ఆపరేషన్ తర్వాత అది సరిగా పని చేయదు. అయితే కాలేయంలో ఉన్న నిల్వ కొన్నేళ్లు సరిపోతుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు. "బాగనే ఉన్న" అని మాత్రలు మానేసిన రెండు మూడేళ్లకు అరికాళ్లలో తిమ్మిర్లు మొదలవుతాయి. షుగర్ మనిషి కాబట్టి "షుగర్ తిమ్మిర్లే" అని ఒక గోలీ రాసేస్తారు. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ కూడా బి12ను తగ్గిస్తుందాయె. ఆలస్యమైతే నరాలు శాశ్వతంగా దెబ్బతింటాయి. బి12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ బతికినంత కాలం వేసుకోవాలి, ఏడాదికోసారైనా రక్తపరీక్ష చేయించాలి.

ఇంతకంటే తొందరగా ముంచేది ఇంకొకటుంది. మొదటి నెలల్లో కొందరికి ఆగకుండా వాంతులవుతాయి. పట్నం దూరమని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు. ఆయన అలవాటుగా గ్లూకోజు ఎక్కిస్తాడు. వాంతులతో బి1 నిల్వలు అప్పటికే అడుగంటి ఉంటే, బి1 ఇవ్వకుండా ఎక్కించే గ్లూకోజు మిగిలిన కాస్తనూ లాగేసి మెదడును దెబ్బతీయగలదు. నడక తూలడం, చూపు చెదరడం, మతి తప్పడం దాని గుర్తులు. కాబట్టి ఆపరేషన్ అయిందన్న సంగతి ఇంట్లో అందరికీ తెలియాలి. పెళ్లి సంబంధాల కోసం దాచే ఇళ్లున్నాయి. ఆ దాపరికం ప్రాణం మీదికి తెస్తుంది.

మోకాళ్ల నొప్పికి వేయించుకునే డైక్లోఫెనాక్ సూది కూడా అంతే. బైపాస్ తర్వాత అలాంటి నొప్పి మందులు, బీడీలు, సిగరెట్లు కుట్టు దగ్గర పుండ్లు తెస్తాయి. కల్లయినా, మందయినా త్వరగా, ఎక్కువగా తలకెక్కుతుంది. కొందరు కొత్తగా తాగుడుకు అలవాటు పడటం కూడా చూశారు. దావత్‌లో "ఒక్క గిలాసే" అన్న మాటకు లెక్క మారిపోతుందన్నమాట.

నల్లగొండ వాళ్లకు ఇంకో మాట. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో పెరిగిన తరం ఎముకలు ఎట్లున్నాయో మనకు తెలుసు. ఒంట్లో కాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ చేసే హాని ఎక్కువవుతుంది. బైపాస్ కాల్షియం పట్టడాన్ని తగ్గిస్తుంది, ఎముకలను పలచన చేస్తుంది. రెండూ ఒక ఒంట్లో కలిస్తే ఏమవుతుందో అడిగే బాధ్యత సర్జన్ మీద వదిలెయ్యొద్దు. చిన్నప్పుడు ఏ బోరు నీళ్లు తాగారో మీరే ముందు చెప్పండి. కాల్షియంలో సిట్రేట్ రకం, ఆమ్లం తక్కువున్న కడుపులో కూడా మెరుగ్గా ఒంటికి పడుతుంది.

ఇప్పుడు బరువు తగ్గించే సూదులూ వచ్చాయి. 2025లో మౌంజారో, వెగోవీ మన మార్కెట్లో దిగాయి. పరీక్షల్లో సగటున 15 నుంచి 20 శాతం దాకా బరువు తగ్గించాయి. వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్ మందు ఆపేసిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. నెలనెలా కొనగలిగినవాళ్లకు మంచి దారే.

మరి చిన్నమ్మ? ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క, బీఎంఐ, 42.7. బీమా నియంత్రణ సంస్థ నిబంధనల ప్రకారం 40 దాటితే పాలసీ వర్తించే అవకాశం ఉంది, మిగతా చికిత్సలు ఫలించలేదని డాక్టరు రాయాలి. 2022లో అమెరికా, అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఆపరేషన్‌కు సూచించే హద్దును 35కు దించాయి, ఆసియా వాళ్లకు 25 నుంచే ఊబకాయం కింద లెక్క వేసి, 27.5 నుంచి ఆపరేషన్ ఆలోచించవచ్చన్నాయి. పెళ్లి ఫొటోల కోసమైతే నేను వద్దనేవాణ్ణి. ఆమె షుగర్, బీపీ, ఆ గురక చూస్తే లాభం వైపే మొగ్గు అనిపించింది. అదే చెప్పాను. తిమ్మిర్ల సంగతి, గ్లూకోజు సంగతి కూడా చెప్పాను.

చాలాసేపు ఏమీ అనలేదు. "ఆ బి12 సూది మన బస్టాండు కాడ మెడికల్ షాపుల దొరుకుతదా?" అని అడిగింది. దొరుకుతుందన్నాను. షుగర్ రీడింగులు రాసుకునే పెన్ను తీసి, ఎస్టిమేట్‌లో 'ఫాలో అప్: 2 విజిట్లు' చుట్టూ గీత గీసింది. పక్కన రాసింది: "మూడోసారి ఎవర్ని కలవాలె?"