అటెన్‌బరో: ఊరు ముందా, పేరు ముందా?

చిట్టితల్లికీ, కన్నయ్యకూ తాతయ్య ఆశీస్సులు.

మీ అమ్మ పంపిన ఫొటోలు చూశాం. ఇంగ్లాండులోని అటెన్‌బరో ఊళ్లో చెరువు గట్టు మీద మీరిద్దరూ బాతులకేసి చూస్తూ నిలబడ్డ ఫొటోని అమ్మమ్మ ప్రింటు తీయించి దేవుడి గది తలుపు పక్కన అంటించింది. కన్నయ్య ఫోన్‌లో అడిగిన ప్రశ్న నాకు నాలుగు రోజులుగా బుర్రలో తిరుగుతూనే ఉంది. "తాతయ్యా, ఈ చెరువులున్న ఊరికి డేవిడ్ అటెన్‌బరో గారి పేరు పెట్టారట కదా, ఆయన ఇక్కడే పుట్టారా?" అన్నావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెబితే తేలేది కాదు, అందుకే ఈ ఉత్తరం.

జంతువులు, ప్రకృతి మీద టీవీ కార్యక్రమాలు చేసి పేరు తెచ్చుకున్న ఆయన పేరు ఆ ఊరికి పెట్టలేదు నాన్నా. ఊరి పేరే ఆయనకు వచ్చింది. ఆయన 1926లో లండన్ శివార్లలోని ఐజల్‌వర్త్‌లో పుట్టారు. ఊరి పేరైతే 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లాండును గెలుచుకోక ముందు అక్కడి జనం మాట్లాడిన పాత ఇంగ్లీషులోది. అడ్డ అనో, అలాంటిదే ఇంకోటో పేరున్న ఒక మనిషి ఉండేవాడు. అతని 'బుర్హ్', అంటే కోట, లేదా గట్టి ప్రాకారం ఉన్న చోటు. ఈ రెండూ కలిసి వందల ఏళ్లు జనం నోళ్లలో నాని అటెన్‌బరో అయింది. పీటర్‌బరో, స్కార్‌బరోల చివర వినిపించే 'బరో' కూడా ఆ బుర్హే. మనకు కొత్తకోట, రాయికోట అన్నట్టు.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసిన మనిషిని. చిరునామా సగమే ఉన్నా, ఇంటిపేరు చూసి ఏ ఊరి సంచిలో వేయాలో చాలాసార్లు తెలిసిపోయేది. ఇంగ్లాండులో కొన్ని ఇంటిపేర్లు ఇప్పటికీ అలా పిన్‌కోడ్‌లా పనిచేస్తాయని తెలిసినప్పటి నుంచి వాటి మీద నాకు ఆపేక్ష. అందులో అటెన్‌బరో అంటే మరీ.

ముందు ఇంటిపేర్లు ఎలా పుట్టాయో చూద్దాం. వెయ్యేళ్ల కిందట ఇంగ్లాండులో మామూలు జనానికి ఇంటిపేరు లేదు. జాన్ అంటే జాన్, అంతే. నార్మన్లు వచ్చాక పొలాల కాగితాలు, పన్నుల పుస్తకాలు ఎక్కువయ్యాయి. ఒకే ఊళ్లో ఆరుగురు జాన్‌లుంటే పన్ను ఎవరి దగ్గర వసూలు చేసినట్టు? అందుకని కమ్మరి జాన్‌ని స్మిత్ అన్నారు. జాన్ కొడుకుని జాన్సన్ అన్నారు. గోధుమరంగు జుట్టువాణ్ణి బ్రౌన్ అన్నారు. వేరే ఊరి నుంచి వచ్చినవాణ్ణి ఆ ఊరి పేరుతో పిలిచారు. మొదట్లో ఆ పేరు మనిషితోనే పోయేది, కొడుక్కి వచ్చేది కాదు. 1400 నాటికి ఇంగ్లాండులో ఎక్కువమందికి తండ్రి పేరు కొడుక్కి అందడం స్థిరపడింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. అటెన్‌బరోలో ఉన్నవాణ్ణి ఎవరైనా 'అటెన్‌బరో జాన్' అని పిలుస్తారా? పిలవరు. అక్కడ అందరూ అటెన్‌బరో వాళ్లే. ఊరి పేరు ఇంటిపేరు కావాలంటే ఆ మనిషి ముందు ఊరు దాటాలి. మన తెలుగువాళ్లలోనూ ఇంతే. గుంటూరు, బెజవాడ, తెనాలి అని ఇంటిపేర్లున్నవాళ్ల ముత్తాతలు ఎప్పుడో ఒకప్పుడు ఆ ఊళ్లు వదిలి వచ్చినవాళ్లే. కాబట్టి అటెన్‌బరో అనే ఇంటిపేరు పుట్టింది అటెన్‌బరోలో కాదు, దాని చుట్టుపక్కల ఊళ్లలో. ఎవరో ఒకతను మూట కట్టుకుని ట్రెంట్ నది ఒడ్డున ఉన్న ఆ పల్లె వదిలి ఇంకో ఊరు చేరాడు. ఆ ఊరివాళ్లు "ఎవరతను?" అంటే "అదే, అటెన్‌బరో నుంచి వచ్చినతను" అన్నారు.

దీనికి ఒక చక్కని తార్కాణం మీరు చూసిన ఊళ్లోనే ఉంది. చెరువుల దగ్గర సెయింట్ మేరీ చర్చి ఉంది కదా, అందులో 1611లో ఒక పిల్లవాడికి బాప్తిస్మం ఇచ్చారు. పేరు హెన్రీ ఐర్‌టన్. పెద్దయ్యాక, రాజు మీద యుద్ధం చేసిన ఆలివర్ క్రామ్‌వెల్ సైన్యంలో సేనాపతి అయ్యాడు, క్రామ్‌వెల్ కూతుర్నే పెళ్లి చేసుకున్నాడు. 1649లో రాజు మొదటి చార్లెస్ మరణశాసనం మీద సంతకం పెట్టినవాళ్లలో ఆయనొకడు. అటెన్‌బరోలో పుట్టిన పెద్దమనిషి ఇంటిపేరు అటెన్‌బరో కాదు చూశారా! ఐర్‌టన్ అనేది పక్క జిల్లా డార్బీషైర్‌లో ఊరి పేరు. వాళ్ల పూర్వీకులు అక్కడి నుంచి వచ్చారు. ఐర్‌టన్ అంటే ఐరిష్ వాళ్ల పల్లె అని అర్థం. ఆ హెన్రీ ఐర్‌టన్ 1651లో జ్వరంతో చనిపోయింది కూడా ఐర్లాండులోనే, లిమెరిక్‌లో.

మళ్లీ మన పేరు దగ్గరికి వద్దాం. ఊరు దాటినవాళ్లు ఎంత దూరం పోయి ఉంటారు? చాలా కొద్ది దూరం. కూలికి పోయినా, పెళ్లి చేసుకున్నా, సంతకు వెళ్లినా అంతా నడక దూరంలోనే. దానికి తోడు 1662లో ఒక చట్టం వచ్చింది. పేదవాడికి తిండి పెట్టే బాధ్యత అతని సొంత చర్చి పరిధిలోని ఊరిది. కొత్త ఊరికి పోయిన పేదవాడు తమ మీద భారమవుతాడని అనిపిస్తే ఆ ఊరివాళ్లు వెనక్కి పంపేయవచ్చు. కష్టకాలంలో మనిషికి ఆసరా పుట్టిన చోటే దొరుకుతుందంటే, అతను ఎందుకు కదులుతాడు? అలా పేర్లు తరాల తరబడి ఒకే చోట ఊరిపోయాయి. 1881 జనాభా లెక్కలను తర్వాతి కాలంలో కంప్యూటర్లలోకి ఎక్కించి, ఏ ఇంటిపేరు ఎక్కడుందో మ్యాపులు గీశారు. అటెన్‌బరోలు ఆ ఊరున్న నాటింగ్‌హామ్‌షైర్ జిల్లాలో, పక్కనున్న డార్బీషైర్‌లో గుంపుగా కనిపిస్తారు. మిగతా దేశంలో చాలాచోట్ల ఖాళీయే.

ఒక్క లండన్ మాత్రం వేరు. లండన్ అన్ని పేర్లనూ లాక్కుంటుంది. 19వ శతాబ్దపు లండన్‌లో అటెన్‌బరో అంటే జనానికి గుర్తొచ్చేది తాకట్టు దుకాణం. ఫ్లీట్ స్ట్రీట్‌లో ఆ పేరుతో బోర్డు ఉండేది. గడియారమో, ఉంగరమో కుదువపెట్టి డబ్బు తెచ్చుకునే చోటు అన్నమాట.

పేరు రాసే తీరు కూడా ఒక్కటి కాదు. 1538లో రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ (ఇందాకటి ఆలివర్ కాదు, వేరే ఆయన) ప్రతి చర్చిలోనూ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, అంత్యక్రియలు పుస్తకంలో రాయాలని ఆజ్ఞ ఇచ్చాడు. చెప్పేవాడికి చదువు రాదు, రాసేవాడు చెవికి వినిపించినట్టు రాశాడు. అందుకే అటెన్‌బరో, అటెన్‌బారో అని రకరకాలుగా ఉన్నాయి. మీ స్కూల్ రిజిస్టర్‌లో మన ఇంటిపేరుకి మూడు స్పెల్లింగులున్నాయని మీ అమ్మ టెన్షన్ పడుతోంది కదా. ఈ సంగతి ఆమెకు చదివి వినిపించండి.

"మరి ఈ పేరు అరుదెందుకు, స్మిత్‌లు అంతమంది ఎందుకు?" అని చిట్టితల్లి అడుగుతుంది, నాకు తెలుసు. కమ్మరి లేని ఊరు లేదు. కాబట్టి స్మిత్ అనే పేరు వందల ఊళ్లలో ఎవరికి వారికి విడివిడిగా పుట్టింది. అటెన్‌బరో ఉన్నది ఒక్కటే ఊరు. పైగా పుట్టిన పేర్లన్నీ బతకలేదు. ఇంటిపేర్లు కుదురుకుంటున్న రోజుల్లోనే, 1348లో, ఇంగ్లాండుకు పెద్ద ప్లేగు వచ్చింది. జనంలో మూడోవంతు, కొన్నిచోట్ల సగం మంది పోయారు. వాళ్లతో ఎన్ని పేర్లు పోయాయో! ప్లేగు రాకపోయినా పేర్లు పోతాయి. అక్కడ ఆడపిల్ల పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు పెట్టుకునేది, కాబట్టి పేరు కొడుకుల ద్వారానే నడవాలి. ఒక తరంలో అందరికీ ఆడపిల్లలే పుడితే ఆ పేరు అక్కడితో ఆగిపోతుంది. దీన్ని లెక్కకట్టి చూసినవాళ్లు ఫ్రాన్సిస్ గాల్టన్, హెన్రీ వాట్సన్. 1874లో వాళ్లు వేసిన ఆ లెక్కనే ఇప్పుడు పరమాణువులు వరసగా చీలడం, జబ్బులు ఒకరి నుంచి ఒకరికి పాకడం అర్థం చేసుకోవడానికీ వాడుతున్నారు. ఇంటిపేరు బతుకుతుందా పోతుందా అన్న ప్రశ్న నుంచి పుట్టింది ఆ గణితం.

ఇక డీఎన్‌ఏ సంగతి. మగవాళ్లలో వై క్రోమోజోమ్ అని ఒకటుంటుంది. అది తండ్రి నుంచి కొడుక్కి దాదాపు మారకుండా వస్తుంది. అక్కడి ఇంటిపేరు కూడా అలాగే వస్తుంది కదా. మరి రెండూ కలిసి నడుస్తాయా? లెస్టర్ యూనివర్సిటీలో టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ అనే శాస్త్రవేత్తలు 40 ఇంటిపేర్లున్న 1,678 మంది మగవాళ్లను పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. ఇద్దరు స్మిత్‌లను పక్కపక్కన పెడితే, వాళ్ల వై క్రోమోజోముల మధ్య దారిన పోయే ఇద్దరి మధ్య ఉన్న పోలిక కన్నా ఎక్కువేమీ కనబడలేదు. అరుదైన పేర్లవాళ్లలో మాత్రం ఎక్కువమందికి ఒకే రకం వచ్చింది. వాళ్లు పరీక్షించిన పేర్లలో అటెన్‌బరో ఉంది. ఆ పేరున్నవాళ్లలో అత్యధికులది ఒకే రకం, అదీ ఇంగ్లాండులో మామూలుగా అరుదుగా కనిపించే రకం. అంటే ఆ మూట కట్టుకుని ఊరు దాటిన మనిషి కథ ఊహ కాదు. వాళ్లలో చాలామంది నిజంగా ఒకే మనిషి వంశం.

అందరూ కాదు, చాలామంది. కొందరు దత్తత వచ్చి ఉంటారు, కొందరికి తల్లి వైపు పేరు వచ్చి ఉంటుంది. వాళ్ల రక్తం దారి వేరు, పేరు మాత్రం వాళ్లదే, మిగతావాళ్లదెంతో వాళ్లదీ అంతే. ఆ పరిశోధకులకే 2007లో ఇంకో ఆశ్చర్యం ఎదురైంది. తూర్పు యార్క్‌షైర్‌కు చెందిన ఒక అరుదైన ఇంటిపేరున్న 18 మందిని పరీక్షిస్తే 7 మందిలో పశ్చిమ ఆఫ్రికాలో కనిపించే రకం వై క్రోమోజోమ్ బయటపడింది. వాళ్ల పూర్వీకులను వెతుక్కుంటూ పోతే 1780ల నాటి యార్క్‌షైర్ దాకా దొరికారు. చూడ్డానికి అచ్చంగా యార్క్‌షైర్ మనుషులే. ఈ సంగతి మొదట చదివిన రోజు రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఈ పరిశోధన లెస్టర్‌లో జరగడం నాకు ఎంతో సంతోషం. ఎందుకంటే డేవిడ్ గారి నాన్న ఫ్రెడరిక్ అటెన్‌బరో 1932 నుంచి 1951 దాకా అక్కడి కాలేజీకి ప్రిన్సిపాల్. అదే తర్వాత యూనివర్సిటీ అయింది. డేవిడ్ గారూ, గాంధీ గారి మీద 1982లో సినిమా తీసిన వాళ్లన్నయ్య రిచర్డ్ గారూ ఆ కాలేజీ ఆవరణలోనే పెరిగారు. ఫ్రెడరిక్ గారి పేరు మీద అక్కడ 18 అంతస్తుల భవనం ఉంది. ఇంతకీ ఫ్రెడరిక్ గారు ఎక్కడ పుట్టారో తెలుసా? 1887లో, స్టేపుల్‌ఫోర్డ్‌లో. అటెన్‌బరో నుంచి నాలుగు కిలోమీటర్లు! ఇన్ని వందల ఏళ్లలో వాళ్ల కుటుంబంలో ఆ పేరు జరిగిన దూరం అంతే. ఆ తర్వాత ఒక్క తరంలో అది ప్రపంచమంతా తిరిగింది.

ఎక్కడెక్కడికి పోయిందో చెబుతాను. ఫిలిప్పీన్స్‌లోని పలావన్ దీవిలో, ఒక కొండ మీద పురుగులను పట్టి తినే పెద్ద కూజా మొక్క ఉంది. 2009లో దానికి ఆయన పేరు పెట్టారు. ఇండోనేషియాలోని పాపువాలో, సైక్లోప్స్ కొండల్లో పొడుగు ముక్కు, ఒళ్లంతా ముళ్లు ఉండి గుడ్లు పెట్టే జంతువొకటి ఆయన పేరుతో ఉంది. 1961లో దొరికిన ఒక్క నమూనా తప్ప శాస్త్రవేత్తలకు దాని జాడ తెలియదు. 2023లో అడవిలో పెట్టిన కెమెరాకు చిక్కింది. కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో ఈదిన ఒక ప్రాణికి కూడా అటెన్‌బరోసారస్ అని పేరు. దాని అసలు ఎముకలు 1940లో బ్రిస్టల్ మీద బాంబులు పడినప్పుడు పోయాయి. అంతకుముందే తీసిన అచ్చు మిగిలింది.

మీరు చూసిన ఆ చెరువులు కూడా దేవుడిచ్చినవి కావు. ఇళ్లకూ రోడ్లకూ కంకర కోసం 1929 నుంచి ట్రెంట్ ఒడ్డున తవ్విన గుంతలవి. తవ్వినచోట నీళ్లు నిండాయి, పిట్టలు వచ్చాయి. వాటిని కాపాడాలని ప్రకృతి సంరక్షణ కేంద్రం చేసి, 1966లో ప్రారంభించమని డేవిడ్ గారినే పిలిచారు. తన పేరు పుట్టిన మట్టి దగ్గరికి ఆయన అలా తిరిగి వచ్చారు. 2005లో సందర్శకుల భవనం తెరవడానికి మళ్లీ వచ్చారు. కన్నయ్యా, నీకు ఆ ఊరికి ఆయన పేరు పెట్టారనిపించింది బహుశా అక్కడ ఏదైనా బోర్డు మీద ఆయన పేరు చూసే.

ఈసారి ఎండ కాసిన ఆదివారం నాన్నను అడిగి స్టేపుల్‌ఫోర్డ్ దాకా బస్సులో వెళ్లండి. అక్కడి నుంచి అటెన్‌బరో చర్చి దాకా నడవండి. నీళ్ల సీసా మర్చిపోకండి. ఎంతసేపు పట్టిందో, దారిలో ఏయే పిట్టలు కనిపించాయో నాకు రాయండి. చర్చి దగ్గర సమాధి రాళ్ల మీద పేర్లు చదివి, వాటిలో ఊళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాస్తే మరీ సంతోషం. నా దగ్గర పెద్ద మ్యాపు ఉంది, వెతికి గుర్తులు పెడతాను.

ప్రేమతో,
మీ తాతయ్య